దవడ కింద రాయి, డాక్టర్ చేతికి ప్రాక్టీసు

కొత్త ఆవకాయ జాడీ మూత తీస్తే మన నోట్లో నీళ్లూరతాయి. కొందరికి మాత్రం సరిగ్గా అప్పుడే దవడ కింద వాచి నొప్పి మొదలవుతుంది. లాలాజల నాళంలో చిన్న రాయి అడ్డుపడింది, ఊరిన లాలాజలానికి బయటికి దారి లేదు, గ్రంథి ఉబ్బిపోతుంది. ఇలాంటి 10 రాళ్లలో దాదాపు 8 దవడ కింది గ్రంథికి చెందినవే. అక్కడి లాలాజలం కాస్త చిక్కన, పైగా కింది నుంచి పైకి ఎక్కాలి.

రాయి బాగా లోపలుంటే ఒకప్పుడు గ్రంథినే కోసి తీసేసేవారు. 1990లలో సైలెండోస్కోపీ వచ్చింది. నాలుక కింద ఉన్న రంధ్రంలోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి, తీగతో చేసిన బుల్లి బుట్టలో రాయిని పట్టి బయటికి లాగుతారు. బావిలో పడ్డ బిందెను పాతాళగరిగెతో తీసినట్టే అనుకోండి.

కానీ కొలతలు చూడండి. నాళం పొడవు సుమారు 5 సెంటీమీటర్లు, వెడల్పు సగటున 1.5 మిల్లీమీటర్లు. నోట్లోకి తెరుచుకునే చోట 0.5 మిల్లీమీటరే! స్కోప్ మందమేమో 0.8 నుంచి 1.6 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అందుకే ముందు ఆ రంధ్రాన్ని కొంచెం కొంచెంగా సాగదీయాలి. తొందరపడి నెడితే మొన గోడను చీల్చుకుని పక్కదారి పడుతుంది. నాళం ముడుచుకుపోకుండా పంపే సెలైన్ ఆ చిరుగులోంచి కారి నోటి అడుగుభాగం వాచిపోతుంది. కొత్త డాక్టరు ఎక్కువగా తడబడేది రాయి దగ్గర కాదు, ఈ గుమ్మం దగ్గరే.

మరి ఆ మొదటి తప్పులు ఎవరి నోట్లో జరగాలి? శిక్షణ కోర్సుల్లో పంది తలల మీద నేర్పుతారు, దాని నాళం మనిషి నాళానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి. దానం చేసిన భౌతికకాయాలూ వాడతారు, కానీ అవి కావాలన్నప్పుడల్లా దొరకవు. ఇక మిగిలింది త్రీడీ ప్రింటింగ్, సిలికాన్. అంటే మన డిపార్ట్‌మెంట్లే.

ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. పళ్లు, పెదాలు, గులాబీ రంగు నాలుకతో అచ్చం నోరులా ఉండే మోడల్ చేసి ఫొటో దిగుతాం. రంధ్రం మాత్రం గట్టిగా, గుండ్రంగా డ్రిల్ చేసినట్టుంటుంది. దాంట్లో స్కోప్ ఎవరైనా దూర్చేస్తారు. నిజం రంధ్రం మెత్తగా కదిలే ఓ బుడిపె మీద ఉంటుంది, తడిగా జారుతుంది, బలం ఎక్కువైతే చిరుగుతుంది. నా లెక్కలో మోడల్ అట్టపెట్టెలా ఉన్నా ఫర్వాలేదు, ఆ బుడిపె ఒక్కటీ చిరగాలి. చిరిగాక మార్చుకోడానికి విడి ముక్కగా పోత పోయొచ్చు.

ఇంకోటి, లోపల పెట్టే రాళ్లలో ఒకటి కావాలనే నాళం కన్నా బాగా పెద్దది పెట్టాలి. సాధారణంగా ఈ గ్రంథిలో 4 మిల్లీమీటర్ల లోపు రాళ్లనే బుట్టతో నేరుగా తీస్తారు. పెద్ద రాయిని పడితే బుట్ట ముందుకూ రాదు, రాయినీ వదలదు. అది ఇరుక్కుందని వేళ్లకు తెలిసేది సిలికాన్‌లోనైతే, ఆ మోడల్‌ను కోసి చూసుకోవచ్చు.