దోనికి జాలీ బిగించే ముందు: చేయవలసినవి, చేయకూడనివి

బనగానపల్లె వైపు వేపాకు ఫిబ్రవరి, మార్చి నెలల్లో రాలుతుంది. తొలకరి జూన్‌లో పలకరిస్తుంది గానీ, గట్టి వాన చాలా ఏళ్లలో సెప్టెంబరు దాకా రాదు. ఈ నడుమ నెలలన్నీ మిద్దె తూము నోట్లో, రేకుల చూరు కింద దోనిలో ఆకు పేరుకుంటూనే ఉంటుంది. పాలిష్ ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే నాపరాతి దుమ్ము దాని మీద పడుతుంది. చిన్న జల్లుకు ఆ రెండూ కలిసి, ఎండకు బిగిసి, గడ్డ కడతాయి. ఆ తర్వాత వచ్చే పెద్దవానకు దారి ఉండదు. నీళ్లు గోడలోకి దిగుతాయి, బండల సందుల్లోంచి ఇంట్లోకి కారతాయి.

అందుకని దోని మీద, తూము నోటికి ఆకు ఆపే జాలీ వేయించుకోవాలనుకోవడం మంచి ఆలోచనే. ఖర్చు కూడా పెద్దది కాదు. అయితే జాలీ కొనక ముందే తేల్చుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. చట్టానికి జాలీతో పేచీ లేదు. పేచీ అంతా నీళ్లతోనే. అవి ఎవరి స్థలంలో పడుతున్నాయి, ఏ కాలువలో కలుస్తున్నాయి, ఎక్కడ నిలుస్తున్నాయి అన్నదే అసలు ప్రశ్న. జాలీ పెట్టినప్పుడు నీళ్ల దారి కొంచెమైనా మారుతుంది. ఆ మార్పు దగ్గరే నియమాలు మొదలవుతాయి.

చేయవలసినవి

ముందు మీ పని ఏ కోవలోకి వస్తుందో చూసుకోండి. ఉన్న తూముకు, ఉన్న దోనికి జాలీ వేయడం మరమ్మతు కిందకే వస్తుంది. గోడకు తలుపో, కిటికీయో కొత్తగా పెట్టడం, ఉన్నది మూసేయడం, సున్నం, గిలాబు, పైకప్పు మళ్లీ పరచడం వంటి పనులకు ప్లాను అనుమతి అక్కర్లేదని 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. జాలీ వాటికంటే చిన్న పని. కానీ జాలీ పని పెట్టుకున్నప్పుడే చూరును రెండడుగులు వీధి మీదికి పొడిగించడం, పిట్టగోడ ఎత్తు పెంచడం, మిద్దె మీద కొత్తగా రేకుల షెడ్డు వేయడం చాలామంది చేసే పని. అవి మరమ్మతులు కావు. మున్సిపాలిటీల్లో 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాలు, అంటే 119వ నంబరు జీవో, వర్తిస్తాయి. గ్రామ పంచాయతీలకు భవన నియమాలు వేరుగా ఉన్నాయి. రెండు చోట్లా వీధి మీదికి వచ్చే కట్టడానికి అనుమతి కావాలి, సెట్‌బ్యాక్, అంటే వదలాల్సిన ఖాళీ జాగా, చూస్తారు.

అడగవలసిన చోటు దూరమేమీ కాదు. గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంట్ ఉంటారు. మిద్దె ఫోటో, తూములు ఎక్కడున్నాయో, పైపు ఎటు దిగుతుందో చూపే గీత బొమ్మ ఒకటి పట్టుకెళ్లండి. నోటిమాటతో సరిపెట్టుకోకుండా అర్జీ రాసిచ్చి రసీదు తీసుకోండి. రేపు పక్కింటివారు ఫిర్యాదు చేస్తే ఆ కాగితమే మీకు అండ.

పక్కింటివారితో మాట్లాడటం తప్పనిసరి. ఇక్కడే ఎక్కువ గొడవలు పుడతాయి కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. పాత వీధుల్లో గోడకు గోడ ఆనుకొని ఉంటుంది. ఒకరి చూరునీళ్లు మరొకరి పెరట్లో పడటం తాతల నాటి నుంచి వస్తున్న వ్యవహారం. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 15వ సెక్షన్ ప్రకారం, ఒక హక్కును 20 ఏళ్ల పాటు బాహాటంగా, గొడవ లేకుండా, ఎడతెగకుండా అనుభవిస్తే అది స్థిరపడుతుంది. పక్క స్థలంలోకి చూరునీళ్లు వదలడం కూడా అలా స్థిరపడగల హక్కే. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియనిది 23వ సెక్షన్. ఆ హక్కును అనుభవించే తీరును, చోటును మీరు మార్చుకోవచ్చు, కానీ పక్కవారి మీద అదనపు భారం పడకూడదు.

దీన్ని మిద్దె మీదికి తెచ్చి చూడండి. మొన్నటిదాకా మీ చూరు పొడవునా పల్చగా జారిన నీళ్లు పక్కవారి పెరట్లో పరుచుకునేవి. ఇప్పుడు మీరు దోని కట్టి, జాలీ వేసి, నీళ్లన్నీ ఒకే పైపులోకి తెచ్చి, ఆ పైపు నోరు వాళ్ల గోడ మొదట్లో వదిలారు. నీళ్లు అవే, పరిమాణం అదే. కానీ ధార ఒకేచోట పడి వాళ్ల పునాది మట్టి కోసుకుపోతుంది. ఇది అదనపు భారమే. 20 ఏళ్ల హక్కు మీకు ఇక్కడ అక్కరకు రాదు. అన్నా, వదినా అని పిలుచుకునే ఇరుగుపొరుగు కోర్టు మెట్లెక్కేది ఇలాంటి చోటే. పని మొదలెట్టక ముందే వాళ్లను మిద్దె మీదికి పిలిచి చూపించండి. పైపు మీ స్థలంలోకే దిగేలా మళ్లించండి. వీలు కాకపోతే ఇద్దరూ ఒప్పుకున్నది తెల్లకాగితం మీద రాసి సంతకాలు పెట్టుకోండి. దోని శుభ్రం చేయడానికి వాళ్ల పెరట్లో అడుగు పెట్టాల్సి వస్తే ఎప్పుడు, ఎలా వస్తారో అదే కాగితంలో రాసుకోండి.

తీగల దూరం కొలిపించండి. ఇంటికి వచ్చే లో టెన్షన్ తీగ మిద్దె మీదుగా పోతే కనీసం 2.5 మీటర్ల ఎత్తులో, పక్కగా పోతే 1.2 మీటర్ల ఎడంలో ఉండాలి. 11 కేవీ లైను మిద్దె మీదుగా పోతే 3.7 మీటర్లు ఉండాలి. చాలా ఇళ్ల దగ్గర ఈ దూరం లేదన్నది కళ్లకు కనబడే సంగతే. దోని పని చేసే మనిషి చేతిలో పది అడుగుల రేకు ముక్కో, అల్యూమినియం నిచ్చెనో ఉంటుంది. అది అడ్డంగా తిరిగితే చాలు. తీగ దగ్గరగా ఉంటే 1912కు ఫోన్ చేయండి లేదా లైన్‌మన్‌ను కలవండి. సప్లై ఆపించాకే మనిషిని పైకి ఎక్కించండి. కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్ వాళ్లు లైను ఆపడానికి సమయం చెబుతారు, ఆ సమయానికే పని పెట్టుకోండి.

అద్దె ఇల్లయితే ఇంటి యజమానికి చెప్పకుండా గోడకు మేకు కూడా కొట్టవద్దు. అపార్టుమెంటయితే మిద్దె అందరిదీ, సంఘం తీర్మానం కావాలి.

ఇక పైపు కొలత. గంటకు 100 మిల్లీమీటర్ల జోరుతో వాన పడితే 4 అంగుళాల పైపు ఒకటి సుమారు 42 చదరపు మీటర్ల మిద్దెకే సరిపోతుంది. అంటే 450 చదరపు అడుగులు. మన ఇళ్లలో 1,000 చదరపు అడుగుల మిద్దెకు ఒకే తూము ఉండటం మామూలు. దానికి జాలీ పెడితే ఉన్న దారి ఇంకా ఇరుకవుతుంది. జాలీ వేసేటప్పుడే రెండో తూము పెట్టించండి. పిట్టగోడలో మిద్దె మట్టానికి రెండు, మూడు అంగుళాల పైన పొంగు రంధ్రం ఒకటి ఉంచండి. జాలీ మూసుకుపోయినా నీళ్లు అటు పోతాయి. పోవడమే కాదు, ఆ రంధ్రంలోంచి ధార కనిపించిందంటే కింద జాలీ మూసుకుందని మీకు తెలుస్తుంది.

ఈ రెండో దారి ఎందుకు అంత ముఖ్యమో ఒక లెక్క చెబుతుంది. 1,000 చదరపు అడుగుల మిద్దె మీద 4 అంగుళాల నీళ్లు నిలిస్తే దాని బరువు 9 టన్నులకు పైమాటే. ఆర్‌సీసీ స్లాబు ఓర్చుకోవచ్చు. దూలాల మీద నాపబండలు పరిచిన పాత మిద్దె, చౌడు మట్టి కప్పిన మిద్దె ఓర్చుకోలేవు. మట్టి మిద్దె తడిసిన కొద్దీ తన బరువు తానే పెంచుకుంటుంది. 2009 సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో కర్నూలును ముంచిన వానలను చూసినవారికి ఎండిన సీమలోనూ ఆకాశం ఎంత కుమ్మరించగలదో వేరే చెప్పక్కర్లేదు.

మిద్దె తూముకు బల్లపరుపు జాలీ కాకుండా, బోర్లించిన గిన్నెలా ఉబ్బుగా ఉండేది తీసుకోండి. బల్లపరుపు జాలీని ఒక్క మామిడాకు మూసేస్తుంది. ఉబ్బు జాలీకి చుట్టూ దారి ఉంటుంది. కంత పావు అంగుళం నుంచి అర అంగుళం దాకా ఉంటే మన ఆకుకు సరిపోతుంది. స్టీలు జాలీ మేలు. స్క్రూ విప్పి తీసి కడిగేలా ఉండాలి, సిమెంటుతో పూడ్చేస్తే శుభ్రం చేయడానికి దారి ఉండదు. కోతులు తిరిగే వీధుల్లో ఉత్తగా పెట్టిన జాలీ నిలవదు, స్క్రూ తప్పదు.

జాలీ వేశాక కూడా ఏడాదిలో మూడుసార్లు చూడాలి. వేపాకు రాలడం అయ్యాక ఏప్రిల్‌లో, తొలకరికి ముందు, మళ్లీ సెప్టెంబరు మొదట్లో. వేప విషయంలో ఒకటి గమనించండి. చిన్నాకులు విడిపోయి ఎగిరిపోతాయి గానీ, వాటిని మోసిన సన్నటి ఈనెలు మాత్రం జాలీ కంతల్లో నిలువుగా దిగి ఇరుక్కుంటాయి. చీపురుతో పైపైన ఊడిస్తే అవి రావు. జాలీ విప్పి, తిరగేసి, అటువైపు నుంచి దులపాలి.

చేయకూడనివి

సిమెంటు రేకుకు డ్రిల్లు పెట్టకండి, రంపం వేయకండి. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. ఏ రకం ఆస్బెస్టాస్ అయినా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది. కోసినప్పుడు లేచే పొడి కంటికి ఆనదు, ఊపిరితిత్తుల్లో దిగితే బయటికి రాదు. దోనిని రేకుకు కాక, కింద ఉన్న ఇనుప పైపులకో, దూలాలకో కొక్కేలతో తగిలించండి. పాత రేకు విరిగితే ముక్కలు తడిపి, సంచిలో కట్టి తీయండి, ఊడ్చవద్దు.

రేకు మీద కాలు పెట్టి నడవకండి, ఎవరినీ నడవనివ్వకండి. ఎండకు పెళుసెక్కిన సిమెంటు రేకు మనిషి బరువుకు ఉన్నపళంగా విరుగుతుంది. తప్పనిసరైతే దూలాల మీద ఆనేలా పలక వేసి, దాని మీద నడవాలి. నిచ్చెన విషయంలో కొలత ఒకటే: నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు ఎడం. పైకొన చూరు మీద మూడడుగులు లేవాలి, కింద ఒక మనిషి పట్టుకోవాలి. నాపబండల గచ్చు మీద నిచ్చెన జారుతుంది, కాళ్ల కింద గోనెసంచి మడిచి వేయండి. కూలికి వచ్చినవాడు "ఏం కాదులేన్నా, ఎక్కేస్తా" అంటాడు. ఎక్కనివ్వవద్దు. పడితే నష్టం అతని ఇంటికి, బాధ్యత మీకు.

వాననీటి పైపును మరుగుదొడ్డి లైనులో కలపవద్దు. జాతీయ నియమావళి దీన్ని ఒప్పుకోదు. పెద్దవానకు సెప్టిక్ ట్యాంకు పొంగి మురుగు ఇంట్లోకి తన్నుతుంది. వీధి కాలువలో వదలాలన్నా పంచాయతీని అడిగే వదలండి. దారిన పోయేవారి నెత్తిన పడేలా పైపు నోరు వీధి మీదికి చాచి పెట్టడం మర్యాదా కాదు, చట్టమూ ఒప్పదు.

ప్లాస్టిక్ జాలీ వద్దు. ఎండకు పెళుసెక్కి పొడిపొడి అవుతుంది. అంతకంటే పెద్ద సంగతి నిప్పు. ఎండుటాకు నిండిన దోనిలో తారాజువ్వ ఒకటి పడితే, పక్కనే గడ్డివామి ఉంటే ఏమవుతుందో ఊహించండి. కార్చిచ్చులు ఎరిగిన ఆస్ట్రేలియాలో ప్రమాద ప్రాంతాల ఇళ్లకు వేసే దోని జాలీ మండని పదార్థంతోనే ఉండాలని ప్రమాణం ఉంది. కాలిఫోర్నియాలో అలాంటి చోట్ల దోనిలో ఆకు పేరుకోకుండా ఏర్పాటు ఉండాలన్నది భవన నియమం. మన దగ్గర అలాంటి నియమం లేకపోయినా, మార్చి నుంచి జూన్ దాకా మన దోనిలో ఉండేది కూడా ఆ ఎండుటాకే.

దోమతెర లాంటి సన్నకంత జాలీ కొనవద్దు. రాతి దుమ్ము దాన్ని ఒక్క వానకే పూడ్చేస్తుంది. దాని వెనక నీళ్లు నిలుస్తాయి. నిలిచిన నీళ్లలో డెంగ్యూ దోమ గుడ్డు నుంచి దోమగా ఎదగడానికి 7 నుంచి 10 రోజులు చాలు. దోని వాలు సరిగా లేకపోతే జాలీ కింద నిలిచిన ఆ నీళ్లు మీకు కనబడవు కూడా. వాలు సరిచేయకుండా జాలీ బిగించవద్దు.

వాటర్‌ప్రూఫింగ్ చేయించిన మిద్దెకు, చేసినవారిని అడగకుండా స్క్రూ దించవద్దు. పొర చిల్లు పడుతుంది, గ్యారంటీ చెల్లకుండా పోతుంది.

ఆకు రాలుతోందని చెట్టు నరకవద్దు. మిద్దె మీదికి వంగిన కొమ్మ కత్తిరించుకోండి, చెట్టు పక్కవారిదైతే అడిగి కత్తిరించండి. చెట్టునే తీసేయాలంటే 2002 నాటి నీరు, నేల, చెట్ల చట్టం (వాల్టా) కింద అనుమతి కావాలి. నిజానికి ఆ వేపచెట్టు మే నెలలో మీ ఇంటికి ఇచ్చే నీడకు ఏ జాలీ ఖర్చూ సాటి రాదు.

చివరిగా, ఇంత శ్రమపడి దారి చేసిన నీళ్లను వీధి పాలు చేయకండి. 1,000 చదరపు అడుగుల మిద్దె మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 4,600 లీటర్లు. మిద్దె పీల్చుకున్నవి, చిందినవి పోయినా 3,500 లీటర్లకు తగ్గవు. వాల్టా చట్టం వాననీటి సంరక్షణను కోరుతోంది, 2008 నాటి ఐఎస్ 15797 ప్రమాణం దాని పద్ధతి చెబుతోంది. మొదటి వాన నీళ్లు దుమ్ము, పిట్టల రెట్టలతో వస్తాయి కాబట్టి వాటిని బయటికి వదిలేసి, తర్వాతివి ఇంకుడు గుంతలోకి మళ్లించండి. గుంత సెప్టిక్ ట్యాంకుకు దూరంగా, పక్కవారి పునాదికి ఎడంగా ఉండాలి. బోర్లు ఎండే ఊళ్లలో మన మిద్దె మీద పడిన వాన మన నేలలోనే దిగాలి. మేస్త్రీని పిలిచే రోజునే గుంత పని కూడా అప్పజెప్పండి.