డాల్టను పండితుని కన్నులు

చిత్రలేఖనపు తరగతిలో నొక బాలుడు ఆకునకు గోధుమవర్ణము పూసెననుకొందము. తోడిబాలురు నవ్వుదురు, ఉపాధ్యాయుడు అశ్రద్ధయని మందలించును. కాని యా బాలుడు తన కంటికి తోచినట్లే చిత్రించి యుండవచ్చును. అందఱి కన్నులును వెలుతురును ఒక్కరీతిగా గ్రహింపవు. ఈ సంగతిని తన కన్నులనే సాక్ష్యముగా గొని విచారించినవాడు జాన్ డాల్టను.

పరమాణు సిద్ధాంతముచే ప్రసిద్ధి కెక్కిన యీ ఇంగ్లండు దేశీయుడు చిన్నతనముననే బడిపంతులయ్యెను. 1792 సంవత్సరమున నాయన యొక జెరేనియము పువ్వును క్రొవ్వువత్తి వెలుతురున చూచి యాశ్చర్యపడెను. పగలు ఆకాశమువలె నీలముగా నగపడిన పువ్వు రాత్రి యెఱ్ఱగా నుండెను. మిత్రులకు అట్టి మార్పు గోచరింపలేదు. ఆయన సోదరునికి మాత్రము తనకువలెనే తోచెను.

1794లో డాల్టను ఈ విషయమునుగూర్చి మాంచెస్టరు నగరమున నొక పండిత సంఘము నెదుట ఉపన్యసించెను. తన కంటిలోని ద్రవము నీలవర్ణమై యెఱుపును అడ్డుచున్నదని యాయన యూహ. తన మరణానంతరము కన్నులను పరీక్షింపవలెనని కోరెను. 1844లో ఆయన చనిపోగా వైద్యుడు అట్లే చేసెను. ద్రవము నిర్మలముగానే యుండెను! ఊహ తప్పినది, కాని కన్నులు భద్రపఱుపబడినవి.

అసలు కారణ మేమి? కంటి వెనుకభాగమున రెటినా యను పలుచని పొర గలదు. అందు శంకువులను కణములు మూడు తెగలవి యున్నవి. ఒక తెగ దీర్ఘ తరంగముల వెలుతురును, ఒకటి మధ్య తరంగముల వెలుతురును, ఒకటి హ్రస్వ తరంగముల వెలుతురును ఎక్కువగా గ్రహించును. ఈ మూటి వార్తలను పోల్చియే మెదడు రంగుల నేర్పఱచుకొనును. ప్రతి తెగకును వేఱువేఱు వర్ణకము గలదు. దానిని నిర్మించు విధము జన్యువునందు నిక్షిప్తమై యుండును. దీర్ఘ, మధ్య తరంగములకు సంబంధించిన జన్యువులు ఎక్స్ అను క్రోమోజోముపై ప్రక్కప్రక్కనే, మిక్కిలి పోలికతో నున్నవి. కావున తరమునుండి తరమునకు సంక్రమించునపుడు ఒకటి లోపించుటయో, రెండును కలగలియుటయో సంభవించును. 1995లో శాస్త్రజ్ఞులు డాల్టను కంటినుండి జన్యుపదార్థమును తీసి పరీక్షింపగా, మధ్య తరంగముల వర్ణకమునకు వలయు జన్యువు లేదని తేలినది. ఆయన ప్రశ్నకు ఆయన కన్నులే నూటయేబది యేండ్ల పిమ్మట ప్రత్యుత్తర మిచ్చినవి.

పురుషునకు ఎక్స్ క్రోమోజోము ఒక్కటే. అది తల్లినుండి వచ్చును. స్త్రీకి రెండుండుటచే ఒకదాని లోపమును సాధారణముగా రెండవది కప్పును. అందుచేతనే ఐరోపా సంతతివారిలో నూర్గురు పురుషులలో సుమారు ఎనమండుగురికి ఎఱుపు పచ్చల భేదము సరిగా తెలియకుండగా, స్త్రీలలో ఇన్నూర్గురకు ఒకరికి మాత్రమే యీ లోపము కలదు. తల్లికి రంగులు చక్కగా తెలిసినను, ఆమె యీ జన్యులోపమును మోయుచున్నచో, ప్రతి కుమారునకును అది సంక్రమించుటకు సగము అవకాశము గలదు. మేనమామ పోలికయని పెద్దలనుమాట ఇచ్చట తఱచుగా నిజమగును. ఇందు తల్లి తప్పుగాని బిడ్డ తప్పుగాని లేదు.

1917లో జపాను వైద్యుడు ఇషిహారా రంగుచుక్కలలో అంకెలను దాచిన పటములను ప్రకటించెను. వానితో కొన్ని నిమిషములలో ఈ లోపమును కనిపెట్టవచ్చును. రైలుబండి నడుపుట మొదలగు కొన్ని యుద్యోగములకు వర్ణజ్ఞానము అవశ్యము. చదువు ముగిసిన పిమ్మట వైద్యపరీక్షలో ఈ సంగతి తెలిసి కుమారుడు నిరాశపడుటకంటె, బాల్యముననే తెలిసికొని వేఱు మార్గము నేర్పఱచుకొనుట మేలు. కావున తలిదండ్రులు అనుమానము కలిగినప్పుడే పరీక్ష చేయింపవలెను. ఉపాధ్యాయులమగు మేమును నల్లబల్లపై ఎఱ్ఱసుద్దకు బదులు తెల్లసుద్ద వాడుట, దేశపటములందు రంగులతోబాటు పేర్లును వ్రాయుట మఱువరాదు.

విద్యార్థులారా! తోడివాడు రంగు తప్పు చెప్పినచో నవ్వకుడు. నీకెట్లు కన్పట్టుచున్నదని యడుగుడు. ఆ ప్రశ్ననే డాల్టను తన్ను తానడిగికొనెను.