ముందు ఉలి, తర్వాతే మెషిన్

ఫర్నిచర్ పని నేర్చుకోవాలనుకునే పిల్లలు మొదట అడిగే ప్రశ్న ఏ మెషిన్ కొనాలనే. నా సలహా ఎప్పుడూ ఒకటే. మొదటి ఆరు నెలలు మెషిన్ మాట పక్కన పెట్టండి. చెక్క ఎలా ప్రవర్తిస్తుందో తెలుసుకోండి, ఉలికి పదును పెట్టడం నేర్చుకోండి. కోత మెషిన్ నడపడం కొన్ని వారాల్లో వస్తుంది. చెక్క తీరు, ఉలి పదును తెలియనివాళ్లు మాత్రం ఇంకొకరు గీసిన గీత మీద కోయడం దగ్గరే ఆగిపోతారు.

పనికి కొరత లేదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో కొత్త ఫ్లాట్ ప్రతిదానికీ వార్డ్‌రోబ్‌లు, మాడ్యులర్ కిచెన్ కావాలి. ఆ పనుల్లో రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, బిహార్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది కనిపిస్తారు. మన దగ్గర తరతరాలుగా వడ్రంగం ఉన్న ఇళ్లలోనే పిల్లలు ఈ పనిని వద్దనుకుంటున్నారు. నాకు ఇది బాధ కలిగించే విషయం. చదువు తక్కువైతేనే చేసే పని అన్న అభిప్రాయం దీనికి అంటుకుంది. నిజానికి ఇందులో లెక్కలు, డ్రాయింగ్, వృక్షశాస్త్రం కలిసే ఉంటాయి.

చెక్క సంగతి చూద్దాం. పచ్చి చెక్క ఆరుతున్నప్పుడు తేమ సుమారు 30 శాతానికి దిగేదాకా కొలత మారదు. అక్కడి నుంచి ఇంకా ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. ఫర్నిచర్‌కు 8 నుంచి 12 శాతం తేమ ఉన్న చెక్క కావాలి. నీడలో గాలికి ఆరబెడితే అంగుళం మందానికి ఏడాది పడుతుందని పనివాళ్ల లెక్క. అలా ఆరిన చెక్క కూడా ఊరుకోదు. వానాకాలం గాలిలోని తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండల్లో మళ్లీ ముడుచుకుంటుంది. జులైలో తలుపు బిగుసుకుపోయి మేలో సులువుగా పడటం మన ఇళ్లలో అందరూ చూసేదే.

ఈ కదలిక అన్ని వైపులా ఒకేలా ఉండదు. పొడవునా దాదాపు ఉండదు, అంతా అడ్డంగానే. అందులోనూ చెట్టు వలయాల వెంబడి వచ్చే మార్పు, నడిమధ్య నుంచి బెరడు వైపు వచ్చే మార్పుకు సుమారు రెట్టింపు. మూడడుగుల వెడల్పున్న టేకు టేబుల్ టాప్ కాలాన్ని బట్టి అయిదారు మిల్లీమీటర్లు పెరిగి తగ్గుతుంది. దాన్ని కింది ఫ్రేముకు జిగురుపెట్టి, మేకులు కొట్టి కదలకుండా బిగిస్తే మొదటి వేసవికే నెర్రె విచ్చుతుంది. స్క్రూ పట్టే రంధ్రాన్ని గుండ్రంగా కాకుండా కోలగా తొలిస్తే చెక్క కదలడానికి చోటు దొరుకుతుంది. పాతకాలపు టేకు తలుపును దగ్గరగా చూడండి. చుట్టూ చట్రం, మధ్యలో పలకలు. ఆ పలకలకు ఎక్కడా జిగురుండదు, గాడిలో వదులుగా కూర్చుని ఉంటాయి. తలుపు కొలత చట్రం నిలబెడుతుంది, ఉబ్బడం తగ్గడం పలకలు గాడిలోనే చేసుకుంటాయి. ఏ పుస్తకమూ చదవని మేస్త్రులు ఈ సూత్రాన్ని తలుపు తలుపుకీ పాటించారు.

నేర్చుకోవడానికి ఖరీదైన టేకు అక్కర్లేదు. వేప, మామిడి, రబ్బర్‌వుడ్ ముక్కలు చాలు. టేకుకు ఉన్న విలువ దాని నూనె గుణం వల్ల, చెదను తట్టుకోవడం వల్ల, తక్కువగా కదలడం వల్ల. ఆ గుణాలన్నీ చేవలోనివి. చుట్టూ ఉండే తెల్లచెక్కకు అంత మన్నిక ఉండదు. అందుకే కొనేటప్పుడు చెక్కను నాలుగు వైపులా తిప్పి చూడాలి. చివర కంటి దగ్గర పెట్టి పొడవునా చూస్తే వంపు, మెలిక తెలిసిపోతాయి. బిల్లు లేని కలప ఎంత చౌకైనా ముట్టుకోవద్దు, అటవీశాఖ కేసులో ఇరుక్కునేది కొన్నవాళ్లే.

కొలత లెక్క నోటికి రావాలి. కోసిన చెక్కకు పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకుని హెచ్చవేసి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. ఏడడుగుల పొడవు, ఆరంగుళాల వెడల్పు, రెండంగుళాల మందమున్న చెక్క 0.58 ఘనపుటడుగు. దుంగకు లెక్క వేరు. చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే హెచ్చవేసి పొడవుతో గుణిస్తారు. నాలుగడుగుల చుట్టుకొలత, పదడుగుల పొడవున్న దుంగ పది ఘనపుటడుగులు. అసలు పరిమాణంలో ఇది సుమారు 78 శాతమే. బెరడుకీ కోతలో పోయేదానికీ ఆ తేడా వదిలారన్నమాట.

ప్లైవుడ్‌ను తక్కువగా చూడకండి, ఈరోజు బజారు పనిలో ఎక్కువ భాగం దాని మీదే నడుస్తోంది. పొరలను ఒకదానికొకటి అడ్డంగా అంటించడం వల్ల అది చెక్కలా కదలదు. షీటు 8 అడుగులు, 4 అడుగులు. వార్డ్‌రోబ్ పెట్టెకు సాధారణంగా 18 మిల్లీమీటర్లది వాడతారు. మామూలు గదులకు ఐఎస్ 303, సింకు కింద లాంటి తడి చోట్లకు ఐఎస్ 710 ముద్ర ఉన్నది అడగాలి. షీటు కోసే ముందు కాగితం మీద ముక్కల అమరిక గీయండి. ప్రతి కోతలో రంపం మూడు మిల్లీమీటర్ల దాకా తినేస్తుందని కొత్తవాళ్లు లెక్కలో వేయరు. షీటులో చివరి ముక్క దగ్గర ఆ లోటు బయటపడుతుంది.

కొనాల్సిన పరికరాలు కొన్నే. మంచి స్టీలు టేపు, మూలమట్టం, గీతలు గీసే గేజ్, సన్నపళ్ల చేతిరంపం, కాలంగుళం, అరంగుళం, ముప్పావంగుళం ఉలులు, ఒక చిత్రిక, కొయ్య సుత్తి, నాలుగు క్లాంపులు, రెండు వైపులా వాడే పదునురాయి. దుకాణంలోంచి వచ్చిన ఉలి పనికి సిద్ధంగా ఉండదు. ముందు వెనుకవైపును రాయి మీద చదును చేయాలి, అంచు దగ్గర అద్దంలా మెరవాలి. తర్వాత వాలును 25 డిగ్రీలకు, కొసన మాత్రం 30 డిగ్రీలకు పెట్టి రుద్దాలి. కాసేపటికి అవతలివైపు అంచున సన్నటి గరుకు వేలికి తగులుతుంది. అంచు ఈ కొస నుంచి ఆ కొసదాకా ఆ గరుకు తగిలితేనే గరుకు రాయి పని పూర్తయినట్టు. అప్పుడు నున్నటి రాయి, ఆఖర్న తోలు ముక్క. పరీక్షకు గట్టి చెక్క వద్దు. కొండపల్లి బొమ్మలు చేసే పొణికి లాంటి మెత్తటి చెక్క తీసుకుని నార తెగే చివర మీద ఉలి నొక్కండి. పదునుంటే పలచటి పొర లేస్తుంది. లేకపోతే చెక్క నలిగి పొడి రాలుతుంది. గట్టి చెక్క మొద్దు ఉలిని కొంత భరిస్తుంది, మెత్తటిది అసలు భరించదు.

మొదటి వస్తువుగా స్టూలు చేయండి. నాలుగు కాళ్లు, వాటిని కలిపే పట్టీలు, పైన పలక. మార్టిస్ (గాడి రంధ్రం), టెనన్ (అందులో దూరే నాలుక) జాయింట్లు చాలినన్ని వస్తాయి. టెనన్ చేత్తో నెడితే దిగాలి, సుత్తితో బాదాల్సి వస్తే బిగువెక్కువ, దానంతట అది జారితే వదులు. జిగురు లేకుండా నిలబడిన స్టూలునే జిగురుపెట్టి బిగించండి. డవ్‌టెయిల్ డ్రాయర్లు ఆ తర్వాత చూసుకోవచ్చు.

మెషిన్ల దగ్గరకొస్తే గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. మన సైట్లలో మార్బుల్ కట్టర్‌కు చెక్క బ్లేడు బిగించి, గార్డు ఊడదీసి చెక్క కోస్తుంటారు. వేళ్లు పోయేది అక్కడే. మేస్త్రి చెప్పినా అలా చేయకండి. టేబుల్ సా మీద చిన్న ముక్కను చేత్తో కాకుండా కర్రతో నెట్టండి. చేతికి గ్లౌజులు, మెడలో కండువా, వదులు చేతుల చొక్కా తిరిగే బ్లేడు దగ్గర పనికిరావు. చెక్క ధూళి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. సాండింగ్ చేసేటప్పుడు ఎన్95 మాస్కు తప్పనిసరి.

ఇక చదువు దారులు. ఐటీఐల్లో కార్పెంటర్ ట్రేడ్ ఏడాది కోర్సు, ఎనిమిదో తరగతి పాసైనవాళ్లు చేరొచ్చు. అయినా పదో తరగతి పూర్తిచేసే చేరండి. పది పాసైతే పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమన్న ముద్ర పడదు, రేపు గల్ఫ్ వెళ్లాలనుకుంటే ఒక అడ్డు తొలగుతుంది. వెళ్లేటప్పుడు ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవాలి. ఆధునిక మెషిన్లు నేర్చుకోవాలంటే బెంగళూరు మల్లేశ్వరంలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీలో ప్రత్యేక శిక్షణ కేంద్రం ఉంది. గీయడం మీద ఇష్టమున్నవాళ్లు ఇంటర్ తర్వాత నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ) ప్రవేశ పరీక్ష రాసి అహ్మదాబాద్‌లో ఫర్నిచర్ డిజైన్ వైపు వెళ్లొచ్చు.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల భృతి, పరికరాలకు 15 వేల రూపాయల దాకా సాయం, 5 శాతం వడ్డీకి ముందు లక్ష, అది తీర్చాక 2 లక్షల రుణం ఇస్తారు. 18 ఏళ్లు నిండి, ఇప్పటికే సొంతంగా ఆ పని చేస్తున్నవాళ్లకే ఇది వర్తిస్తుంది. కాబట్టి పని నేర్చుకుని, సొంతంగా మొదలుపెట్టాక దరఖాస్తు చేయండి.

ఉద్యోగానికి వెళ్లేటప్పుడు సర్టిఫికెట్‌తో పాటు చేసిన వస్తువుల ఫొటోలు తీసుకెళ్లండి. పూర్తయిన వస్తువు ఫొటో ఒక్కటే చాలదు. జాయింటు విడిగా ఉన్నప్పుడు, బిగించాక, డ్రాయర్ వెనుకవైపు కూడా తీయండి. పని తెలిసిన యజమాని ముందు చూసేది అవే. ఐటీఐ అడ్మిషన్లు పది ఫలితాల తర్వాత మొదలవుతాయి. ఈలోగా దగ్గర్లోని సామిల్లుకు వెళ్లి, కోతలో మిగిలిన ముక్కలు నాలుగైదు రకాలవి అడిగి తెచ్చుకోండి. ఒక్కోదాని మీద చెక్క పేరు, తేదీ, వెడల్పు రాసిపెట్టి, వానలు మొదలయ్యాక మళ్లీ కొలవండి.