కంప్యూటర్‌ను రోజూ ఆపితే ఆయుష్షు తగ్గుతుందా?
చేయవలసినవి - చేయకూడనివి

రోజూ ఆన్ చేసి ఆపుతూ ఉంటే కంప్యూటర్ త్వరగా పాడవుతుందనే భయం చాలా ఇళ్లలో, ఆఫీసుల్లో ఇంకా ఉంది. ఆ భయానికి కొంత ఆధారం లేకపోలేదు. ఆన్ చేసినప్పుడు లోపలి భాగాలు వేడెక్కి వ్యాకోచిస్తాయి, ఆపితే చల్లారి సంకోచిస్తాయి. లోపలి భాగాలకు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ తొలి క్షణంలో ఎక్కువ కరెంటు లాగుతుంది కూడా. అయితే ఆ తాకిడిని అదుపుచేసే ఏర్పాటు సాధారణంగా దానిలోనే ఉంటుంది. పాత డెస్క్‌టాప్ హార్డ్‌డిస్కులకే 50,000 సార్లు ఆగి తిరిగే సామర్థ్యం సాధారణం. రోజుకొకసారి ఆపితే పదేళ్లకు అయ్యేది దాదాపు 3,650 సార్లే. హార్డ్‌డిస్కుకు బదులు వాడే ఎస్ఎస్‌డీలోనైతే తిరిగే భాగమే లేదు.

కాబట్టి నిశ్చింతగా రోజూ ఆపండి. కంప్యూటర్‌కు అసలు చేటు చేసేవి తప్పుగా ఆపడం, కుదురులేని కరెంటు, వేడి, దుమ్ము.

చేయవలసినవి

• పని ముగిశాక ఫైళ్లు సేవ్ చేసి, స్టార్ట్ మెనూలోని షట్‌డౌన్ నొక్కే ఆపండి. తెర నల్లబడినా క్యాబినెట్‌లో ఫ్యాను ఆగేదాకా చూసి, ఆ తర్వాతే గోడ స్విచ్ తీయండి.

• 20 నిమిషాలకు మించి వాడకపోతే మానిటర్‌ను, 2 గంటలకు మించితే కంప్యూటర్‌ను కూడా ఆపమని అమెరికా ఇంధన శాఖ సూచిస్తోంది. ఇంటికైనా ఆఫీసుకైనా ఇది మంచి కొలమానం.

• వారానికొకసారి రీస్టార్ట్ చేయండి. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినా విండోస్‌లో కొంత భాగం డిస్కులో దాచి ఉంటుంది. రీస్టార్ట్‌తోనే అంతా కొత్తగా మొదలవుతుంది.

• డెస్క్‌టాప్‌కు యూపీఎస్ పెట్టండి. కరెంటు పోయాక అది ఇచ్చే కొద్ది నిమిషాలూ పని సేవ్ చేసి ఆపుకోవడానికే. ఎండ తీవ్రత ఉన్న ఊళ్లలో దాని బ్యాటరీ త్వరగా బలహీనపడుతుంది, ఏటా పరీక్షించండి.

• క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందా? ఎలక్ట్రీషియన్‌ను పిలిచి వెంటనే ఎర్తింగ్ సరిచేయించండి.

• ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ, సమయం వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ మార్పించండి. చాలా కంప్యూటర్లలో ఉండేది సీఆర్ 2032.

చేయకూడనివి

• పవర్ బటన్ నొక్కిపట్టి ఆపకండి. డిస్కులో రాత సగంలో ఆగితే ఫైళ్లే కాదు, విండోస్ కూడా చెడిపోవచ్చు. కంప్యూటర్ పూర్తిగా బిగుసుకుపోతే తప్ప ఆ పని వద్దు.

• అప్‌డేట్ నడుస్తుండగా ఎంత ఆలస్యమైనా కరెంటు తీయకండి.

• పోయిన కరెంటు రాగానే ఆన్ చేయకండి. కాసేపు వోల్టేజి హెచ్చుతగ్గులుగా ఉండవచ్చు. లైట్లు నిలకడగా వెలిగేదాకా ఆగండి.

• ఉరుములు, మెరుపుల వేళ స్విచ్ ఆపాం కదా అని ఊరుకోకండి. వాన ముసురుకుంటున్నప్పుడే ప్లగ్గు, ఇంటర్నెట్ కేబుల్ రెండూ పీకేయండి. పిడుగులు పడుతుండగా మాత్రం వాటిని ముట్టుకోవద్దు.

• ల్యాప్‌టాప్‌ను స్లీప్‌లో ఉంచి బ్యాగులో పెట్టకండి. అది లోపలే మేలుకుంటే గాలాడక వేడెక్కిపోతుంది. పరుపు మీద పెట్టి వాడినా గాలి దారులు మూసుకుంటాయి.

• కంప్యూటర్ యూపీఎస్‌కు లేజర్ ప్రింటర్ కలపకండి. అది ఒక్కసారిగా లాగే కరెంటును చిన్న యూపీఎస్ తట్టుకోలేదు.

• ఎస్ఎంపీఎస్ డబ్బా మీరు విప్పకండి. ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. అది ప్రాణాపాయం.

ఖాళీగా ఉన్నప్పుడు 60 వాట్లు వాడే డెస్క్‌టాప్‌ను రాత్రి పది గంటలు ఆపితే నెలకు 18 యూనిట్లు మిగులుతాయి. ఇరవై కంప్యూటర్లున్న బడి ల్యాబులో అదే 360 యూనిట్లు. ల్యాబు తలుపు మూసే ముందు ప్రతి కంప్యూటర్‌నూ సరిగ్గా షట్‌డౌన్ చేయడం పిల్లలకు అలవాటు చేయండి. యంత్రమూ నిలుస్తుంది, కరెంటూ ఆదా అవుతుంది.