నాగార్జునకొండ యాత్ర

ప్రత్తికిని, మిరపకును గుంటూరు, ప్రకాశం సీమలు పెట్టినది పేరు. కనుచూపుమేర నల్లరేగడి చేలు, కల్లములలో ఎఱ్ఱగా ఆరబోసిన మిరపపండ్లు - ఇవియే ఆ మైదానమున బాటసారికి మొదట కనబడు దృశ్యములు. మాచర్ల దాటి వాయవ్యముగా పోవుకొలది నేల తీరు మాఱును. నల్లమల కొండలు దగ్గఱకు వచ్చును. వాని నడుమ కృష్ణానదికి కట్టిన నాగార్జునసాగరమును, ఆ జలాశయమున దీవివలె నిలిచిన నాగార్జునకొండయు కలవు.

యాత్రికులు లాంచీ యెక్కి కొండకు పోవుదురు. చుట్టును నీరే. ఆ నీటి యడుగున ఒక మహానగరపు నేల కలదని ఎఱుగనివారికి అది వట్టి జలవిహారము, ఎఱిగినవారికి పుణ్యయాత్ర.

క్రీ. శ. 3, 4 శతాబ్దములలో ఆ లోయలో విజయపురి యను నగరము వెలసెను. అది ఇక్ష్వాకు రాజుల రాజధాని. మూడువైపుల కొండలు, నాలుగవవైపున కృష్ణ దానికి పెట్టనికోటలు. తొలిరాజు శాంతమూలుడు అశ్వమేధము చేసెను. ఆయన సోదరి శాంతిశ్రీ బుద్ధభక్తురాలై మహాచైత్యమును నిర్మింపజేసెను. ఒకే యింట రెండు మతములు పొసగి వర్ధిల్లినవి. సింహళ భిక్షువులకు సైతము అచట విహారముండెను.

కాలక్రమమున నగరము మన్నుపాలయ్యెను. 1926లో సూరపరాజు వేంకటరామయ్య అను ఉపాధ్యాయుడు అచట ఒక ప్రాచీన స్తంభమును చూచి ప్రభుత్వమునకు తెలిపెను. త్రవ్వకములు మొదలై, పల్నాటి సున్నపురాతిపై చెక్కిన బుద్ధచరిత్ర లోకమునకు వెల్లడియయ్యెను.

ఇంతలో గొప్ప చిక్కు వచ్చిపడెను. వానదేవుని నమ్ముకొన్న మెట్ట రైతులకు నీరు కావలెను. ఆనకట్ట కట్టినచో లోయ మునుగును. నీరా? చరిత్రయా? 1955 డిసెంబరు 10న జవహర్లాల్ నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేసెను. అప్పటికే, 1954 నుండి, పురావస్తు శాఖవారు ఆర్. సుబ్రహ్మణ్యం గారి నాయకత్వమున లోయ నంతటిని త్రవ్వ నారంభించిరి. ఆ పని 1960 వఱకు సాగెను. ముఖ్య కట్టడములను విప్పి, కొన్నిటిని కొండపైనను, కొన్నిటిని తూర్పుగట్టున అనుపువద్దను మరల పేర్చిరి. మెట్లమెట్లుగా ఆసనములు గల ప్రాచీన రంగస్థలము నేడు అనుపులో కానవచ్చును. 1966లో కొండపై ప్రదర్శనశాల ఏర్పడెను.

1967 ఆగస్టు 4న శ్రీమతి ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలెను. కుడి కాలువ గుంటూరు, ప్రకాశం సీమల చేలను తడిపెను. అయితే ఈ మేలు ఊరక వచ్చినది కాదు. లోయలోని పల్లెలవారు తాతముత్తాతల యిండ్లను, పొలములను విడిచి తరలిపోవలసివచ్చెను. రాళ్లను మరల పేర్చవచ్చును గాని, విడిచిన ఊరిని మరల పేర్చుట ఎవరి తరము?

సాగరమునుండి మాచర్లకు పోవు దారిలో ఎత్తిపోతల జలపాతము కలదు. చంద్రవంక మొదలగు వాగుల నీరు అచట సుమారు 70 అడుగుల యెత్తునుండి దుముకును. వానకాలమున దాని హోరు దూరమునకు వినబడును. క్రింది మడుగున మొసళ్లు కలవు గనుక ఎవరును దిగరాదు.

యాత్రకు పోయినవారు శిల్పములపై తమ పేర్లు గీయుట, చెత్త విసరుట తగదు. నగరమును ముంచిన నీరే నేడు చేలను పండించుచున్నది. ముంపునుండి దక్కిన కొలది రాళ్లను కాపాడుట, ఆ నీటి ఫలము ననుభవించువారి ఋణము.