పాముకు తిండి పెడుతున్నది ఎవరు?



"పాముకు పాలు పోసి పెంచినట్టు" అనే సామెత మనందరం విన్నదే. చెడ్డవాడికి మేలు చేస్తే మనకే కీడు జరుగుతుందని దాని భావం. కానీ శాస్త్రం చెప్పేది వేరు. పాలు పోస్తే ముందుగా నష్టపోయేది పామే! మా ఇళ్ళలో డిగ్రీ గడప తొక్కిన మొదటి తరం మేము. మా పెద్దలు పాముల గురించి చేలగట్ల మీద నేర్చుకున్నారు. మేము జంతుశాస్త్రం పుస్తకాల్లో చదువుకున్నాం. ఆ రెండింటినీ కలిపి నాలుగు మాటలు మీతో పంచుకోవాలని ఈ వ్యాసం.

పాము పాలు తాగుతుందా?

పాము సరీసృపం. పాలిచ్చి పిల్లలను పెంచే జాతి కాదు. పాలను అరిగించుకునే శక్తి దాని కడుపుకు లేదు. పాములవాడు దానిని రోజుల తరబడి నీళ్ళు లేకుండా ఎండబెడతాడు. దాహం తట్టుకోలేక అది ఎదురుగా ఉన్న పాలలో మూతి పెడుతుంది. ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. నాగులచవితి భక్తిని మేము తప్పుపట్టడం లేదు. పుట్టకు దండం పెట్టి, పాలు పసిపిల్లలకు పోస్తే పామూ బతుకుతుంది, పిల్లలకూ బలం.

పాములన్నీ మాంసాహారులే. ఎలుకలు, కప్పలు, బల్లులు, చేపలు, గుడ్లు – జాతిని బట్టి తిండి మారుతుంది. నమలడం ఉండదు, మింగడమే. మనలాగా ఒంటి వేడిని లోపల తయారుచేసుకునే పని లేదు కనుక తక్కువ తిండితోనే చాలా రోజులు గడుపుతాయి.

పెంపుడు బోవాకు తిండి ఎలా పెడతారు?

విదేశాల్లో బోవా కన్‌స్ట్రిక్టర్ అనే పామును ఇళ్ళలో పెంచుతారు. దీని పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికా ప్రాంతాలు. విషం లేదు. ఎరను చుట్టుకుని బిగిస్తుంది. ఊపిరాడక ఎర చస్తుందని చాలాకాలం అనుకున్నారు. రక్త ప్రసరణ ఆగిపోవడమే అసలు కారణమని 2015లో ప్రయోగాల ద్వారా తేల్చారు. దానికి తిండి పెట్టేవారు పాటించే నియమాలు ఇవి:

1. ఎర పాము ఒంటిలో లావైన భాగం కంటే పెద్దదిగా ఉండకూడదు.
2. బతికున్న ఎలుకను వదలరు. అది తిరగబడి పామునే కొరుకుతుంది. చంపి గడ్డకట్టించిన ఎలుకను పూర్తిగా కరిగించి, గోరువెచ్చగా చేసి పెడతారు.
3. చేత్తో అందించరు. పొడవాటి పట్టకారు వాడతారు. చేతికి ఎలుక వాసన ఉంటే పాముకు చేయీ ఎరగానే తోస్తుంది.
4. పిల్ల పాముకు వారం పది రోజులకొకసారి, ఎదిగిన పాముకు మూడు నాలుగు వారాలకొకసారి చాలు. ఎక్కువ పెడితే కొవ్వు పట్టి చస్తుంది.
5. తిన్నాక రెండు రోజులు ముట్టుకోరు. కదిలించినా, తగిన వెచ్చదనం లేకపోయినా తిన్నది కక్కేస్తుంది.
6. మంచినీళ్ళు ఎప్పుడూ ఉంచుతారు. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కుంటారు. పాముల ఒంటి మీద సాల్మొనెల్లా క్రిములు ఉంటాయి.

మన దేశంలో ఇలాంటి విదేశీ జంతువులను ఉంచుకున్నవారు 2024 నిబంధనల ప్రకారం ప్రభుత్వం వద్ద నమోదు చేయించాలి. మన దేశపు పాములనైతే ఇంట్లో పెంచడమే నేరం.

మన ఇసుక నేలల్లోని చుట్టం

ఈ బోవాకు మన దగ్గర ఒక చుట్టం ఉంది. అదే రెండు తలల పాము. నిజానికి తల ఒకటే. తోక మొద్దుగా ఉండి తలలా కనబడుతుంది. ఆరు నెలలు ఒక తల, ఆరు నెలలు ఇంకో తల అనేది కట్టుకథ. విషం లేదు. ఇసుకలో దాగి ఎలుకలను పట్టి తింటుంది. అది ఇంట్లో ఉంటే లక్షలు కలిసొస్తాయని, బరువు పెరిగిన కొద్దీ ధర పెరుగుతుందని మోసగాళ్ళు ప్రచారం చేస్తారు. "పట్టిస్తే కమీషన్ ఇస్తాం" అని చదువుకునే కుర్రాళ్ళకు ఆశ పెడతారు. తమ్ముళ్ళారా, ఆ మాట నమ్మవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు పడితే జైలు, జరిమానా. ఉద్యోగ ప్రయత్నాలకూ అడ్డే. కూలి చేసి మనల్ని చదివించిన అమ్మానాన్నల ఆశ ఒక్క రోజులో కూలిపోతుంది.

మనకు తెలియకుండా మనమే పెడుతున్న తిండి

ఇక అసలు విషయం. పాముకు మేము తిండి ఎక్కడ పెట్టామని మీరు అడగవచ్చు. ప్లేట్లు కడిగేచోట పారేసిన అన్నం, గోడ వెనుక కుప్పపోసిన కూర, ట్రంకుపెట్టెలో దాచిన మురుకులు, మూత లేని బియ్యం బస్తా – ఇవన్నీ ఎలుకకు విందు. ఎలుక ఉన్నచోటికి పాము వస్తుంది. అంటే ఎలుకను మేపినవాడు పామును మేపినట్టే!

మన నెల్లూరు తీరంలో వరి చేలు, చెరువులు, సరుగుడు తోపులు ఎక్కువ. ఎలుకకూ కప్పకూ కరువు లేదు కనుక పాములూ ఉంటాయి. ఎలుక బొరియ చూసి లోపల ఏమున్నదో చెప్పగల నేర్పు యానాదులది. వారివంటి నేర్పే ఉన్న తమిళనాడు ఇరులవారు మాసి సడయన్, వడివేల్ గోపాల్. ఫ్లోరిడాలో పెంపుడు పాములుగా వచ్చి అడవిలో పెరిగిపోయిన కొండచిలువలను పట్టడానికి 2017లో అమెరికా వారిని పిలిపించుకుంది. 2023లో వారికి పద్మశ్రీ వచ్చింది. బడికి పోని పెద్దల విద్య కూడా విద్యేనని మనం గుర్తించాలి.

2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని శాస్త్రవేత్తల అంచనా. ఎక్కువగా పల్లెల్లోని పేదలే. ఆంధ్రప్రదేశ్ కూడా మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. నేల మీద పడుకున్నవారిని కట్లపాము రాత్రిపూట కాటేస్తే నొప్పి, వాపు పెద్దగా ఉండవు. అందుకే ఆలస్యం జరిగి ప్రాణం పోతుంది.

కాబట్టి మనం చేయవలసినవి:

• మిగిలిన అన్నం మూత ఉన్న డ్రమ్ములోనే వేయాలి. అది రోజూ బయటికి పోవాలి.
• బస్తాలను బల్ల మీద ఉంచాలి. కంతలు, తూములు పూడ్చమని వార్డెన్ గారిని అందరం కలిసి అడగాలి.
• మంచం లేకపోతే దోమతెర చాప కిందికి దోపుకుని పడుకోవాలి. రాత్రి టార్చి లేకుండా బయటికి పోకూడదు.
• పాము కనబడితే కొట్టకూడదు, పట్టకూడదు. దూరంగా నిలబడి పెద్దలకు చెప్పాలి.
• కాటు పడితే కోయడం, గట్టిగా కట్టడం, మంత్రం వేయించడం వద్దు. ఆ కాలు, చేయి కదలనీయక 108కి ఫోన్ చేసి ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి. విషానికి విరుగుడు మందు అక్కడే ఉంటుంది.

"పామూ చావకూడదు, కర్రా విరగకూడదు" అంటారు పెద్దలు. దానికి మంచి దారి పరిశుభ్రతే. పాము పొలంలో ఎలుకను తిని రైతుకు మేలు చేయాలి. మన అన్నం మన కడుపులోకే పోవాలి. రాబోయే వార్షికోత్సవం నాటికి మన హాస్టల్ గోడ వెనుక ఒక్క మెతుకు కూడా పడి ఉండకుండా చూద్దాం.