బొమ్మలు కూడు పెడతాయా?

"మావాడు బొమ్మలు బాగా వేస్తాడండీ. కానీ బొమ్మలు కూడు పెడతాయా?" శ్రీకాకుళం, విజయనగరాల్లో ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో ఈ మాట వినపడని ఏడాది లేదు. అడిగే తల్లిదండ్రుల్ని తప్పుపట్టను. బిడ్డ మీద బెంగతో అడిగే మాట అది. జవాబు కూడా తిన్నగానే చెప్పాలి. పెడతాయి. రోజూ చెయ్యి ఆడించేవాడికి, అన్న తేదీకి బొమ్మ ఇవ్వగలిగినవాడికి పెడతాయి.

సాక్ష్యం కోసం దూరం వెళ్లక్కర్లేదు. వడ్డాది పాపయ్య 1921లో శ్రీకాకుళంలోనే పుట్టారు. తండ్రి డ్రాయింగు మాస్టారు కావడంతో రంగులు ఇంట్లోనే పరిచయమయ్యాయి. చందమామ, యువ పత్రికల ముఖచిత్రాల మూలన 'వ.పా.' అనే రెండక్షరాలు దశాబ్దాల పాటు తెలుగిళ్లకు చేరాయి. అట్టలు జాగ్రత్తగా కత్తిరించి ఫ్రేము కట్టించుకున్నవాళ్లు ఎందరో. దాని వెనక శ్రమ ఆలోచించండి. పత్రిక అచ్చుకి వెళ్లే తేదీ చిత్రకారుడి కోసం ఆగదు. నెలనెలా కొత్త బొమ్మ కావాలి, అది పోయిన నెల బొమ్మలా ఉండకూడదు. 1992లో కన్నుమూసిన ఆయన్ని జనం మర్చిపోకపోవడానికి ఆ క్రమశిక్షణే సగం కారణమని నా నమ్మకం.

అంట్యాకుల పైడిరాజు దారి వేరు. మద్రాసు చిత్రకళాశాలలో దేవీప్రసాద్ రాయ్‌చౌదురి దగ్గర నేర్చుకుని, విజయనగరం తిరిగొచ్చి, పిల్లలకు చిత్రకళ నేర్పారు. తాను బొమ్మలు వేస్తూనే పదిమంది చేత వేయించారు. వాళ్లిద్దరి కాలంలో పత్రిక, బడి ఉంటే, ఇప్పుడు పిల్లల పుస్తకాలు, యానిమేషన్, గేములు, సినిమా కళాశాఖ, ప్యాకింగ్ డిజైన్ కూడా తోడయ్యాయి.

ఇక చదువు సంగతి. పది పాసైనవాళ్లు ప్రభుత్వ పరీక్షల విభాగం జరిపే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు రాయొచ్చు. ఆ తర్వాత 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) వేసవి శిక్షణ పూర్తిచేస్తే డ్రాయింగ్ టీచరు ఉద్యోగాలకు దారి దొరుకుతుంది. ఇంటర్ తర్వాత నాలుగేళ్ల ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, బీఎఫ్ఏ ఉంది. మనకు దగ్గర్లో విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, రాష్ట్రంలోనే కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ), ఇంకా ముందుకెళ్తే శాంతినికేతన్, బరోడా. డిజైన్ వైపు మనసుంటే ఐఐటీల కోసం యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, ఎన్ఐడీ ప్రవేశ పరీక్ష వేరుగా ఉంటుంది. ఎంఎఫ్ఏ చేసినవాళ్లు విజువల్ ఆర్ట్స్‌లో నెట్ రాసి అధ్యాపకులు కావచ్చు. 18 నుంచి 25 ఏళ్ల లోపు యువ కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ ఉపకార వేతనం ఉంది. రెండేళ్ల పాటు నెలకు 5,000 రూపాయలు. రంగులకీ కాగితాలకీ సరిపోతాయి. అప్లై చేయడానికి బద్ధకించకండి.

ప్రవేశ పరీక్షలో మార్కులు తెచ్చేది ఎదురుగా పెట్టిన చెంబు, గుడ్డ, కుర్చీ. ఫోటో చూసి నటుల ముఖాలు దించడం అలవాటైన పిల్లలు అక్కడే తడబడతారు. వంద కాపీ బొమ్మల కన్నా నిజం చూసి గీసిన పది స్కెచ్‌లు మేలు. ఒక ఆదివారం పొందూరు వెళ్లండి. అక్కడ ఖద్దరు వడికే ఆడవాళ్లు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. సన్నటి పళ్లున్న ఆ ఎముక, దాన్ని పట్టుకున్న వేళ్ల మడత, దువ్వెనకి అంటుకున్న దూదిపోగు గీసి చూడండి. పొద్దుట మొదలుపెడితే మధ్యాహ్నానికి ఒక్క చెయ్యి కుదిరినా గెలిచినట్టే. ఆ బొమ్మ మీ పోర్ట్‌ఫోలియోలో ఉంటే ముంబైలో చూసేవాళ్లు కూడా ఆగి చూస్తారు, ఎందుకంటే దాన్ని వాళ్లు మరెక్కడా చూసి ఉండరు.

సవర గిరిజనుల చిత్రాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో మనుషుల్ని, జంతువుల్ని, సూర్యచంద్రుల్ని నింపే ఆ బొమ్మలు సవరలకు అలంకారం కాదు, పితృదేవతలతో మాట. సవర గూడేలున్న సీతంపేట, 2022లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడక ముందు శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. ఆ గూడేల పిల్లలు చిత్రకళ చదివేట్టయితే వాళ్ల చేతిలో ఎవరికీ లేని విద్య ఉంది. ఇతరులు ఆ గీతలను టీషర్టుల మీద వేసి అమ్ముకోవాలనుకుంటే, ముందు ఆ ఇంటివాళ్ల అనుమతి, వాటా అడగాలి. ఇది నీతి, రేపు కేసులు రాకుండా కాపాడే జాగ్రత్త కూడా.

డబ్బు దగ్గర మొహమాటం వద్దు. సగం అడ్వాన్సు తీసుకుని, హక్కులు ఎవరివో రాయించుకుని పని మొదలుపెట్టండి. మొదటి రెండేళ్లు ఆదాయం తక్కువే ఉంటుంది. ట్యూషన్ చెప్పుకుంటూ గడిపినా తప్పు లేదు.

దసరా వెళ్లాక వచ్చే తొలి మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను తిరుగుతుంది. ఏటవాలుగా సాగే మాను, దాని కొసన పూజారి, కింద జనసముద్రం. నిలువు కాగితంలో ఈ మూడూ ఇమిడ్చడం మంచి పరీక్ష. ఈసారి స్కెచ్ పుస్తకం పట్టుకొని రండి.